గట్టు చూసి గాలం

డాలస్ చుట్టుపక్కల మన కుటుంబాల్లో ఎవరికైనా చేపల వేట మీద మనసు పుడితే ముందు లావన్‌కో, లూయిస్‌విల్‌కో బయల్దేరతారు. రెండూ వేల ఎకరాల రిజర్వాయర్లు. పడవా లేదు, లోతు చెప్పే యంత్రమూ లేదు. అంత నీటిలో చేప ఎక్కడుందో గట్టున నిలబడ్డవాడికి ఎలా తెలుస్తుంది? పొద్దస్తమానం ఎండలో నిలబడి, పిల్లలు విసుగెత్తి, కొత్త గాలపు కర్రలు గరాజ్‌లో మూలన పడతాయి. అలా మానేసిన వాళ్లని మళ్లీ నీటి ఒడ్డుకు రప్పించాలని ఇది రాస్తున్నాను. ఇంటికి దగ్గరలో ఉన్న చిన్న చెరువుతో మొదలుపెట్టండి. దాన్ని ఎంచుకునే కన్ను తెనాలి, రేపల్లె, బాపట్ల వైపు నుంచి వచ్చిన మనలో చాలామందికి చిన్నప్పుడే అబ్బింది.

మా వైపు నీరంతా ఒక తీరుగా ఉండదు. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక పశ్చిమ డెల్టాకు కృష్ణ నీళ్లు పారాయి. 1957 నుంచి ఆ పని ప్రకాశం బ్యారేజీ చేస్తోంది. తెనాలి ఊళ్లోంచే మూడు కాలువలు పోతాయి కాబట్టి అక్కడిది తియ్యటి నీరు, కాలువ చేప. రేపల్లె దాటి నిజాంపట్నం వైపు పోతే పోటు నీరు లోపలికి వస్తుంది. అక్కడ పండుగప్ప దొరుకుతుంది. ఇది ఉప్పునీట పుట్టి, పిల్లగా ఉన్నప్పుడు తీపినీటి వైపు ఎదురెక్కే చేప. ఇంగ్లీషు పేరులో బాస్ అన్న మాట ఉన్నా అమెరికా చెరువుల్లోని బాస్‌కి ఇది దగ్గరి చుట్టం కాదు. బాపట్ల ఇసుక నేలల్లో దొరువులుంటాయి. కింద ఉప్పునీరు, దాని మీద తేలుతూ పలచగా వాననీరు. ఎక్కువ తోడితే ఉప్పు పైకి వచ్చేస్తుంది. గంటా గంటన్నర ప్రయాణంలో మూడు రకాల నీళ్లు చూసి పెరిగినవాడు ఎక్కడికి వెళ్లినా, నీళ్లు కనపడగానే ఇవి ఎక్కడి నుంచి వచ్చాయి, ఎటు పోతాయి అని అడుగుతాడు. చెరువును ఎంచుకునేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న కూడా అదే.

ఊరి చెరువులో పిల్లల్ని గాలం వెయ్యనిచ్చేవాళ్లు కాదు. పంచాయతీ దాన్ని పాట పెట్టేది. పాడుకున్నవాళ్లు బొచ్చె, రాగండి, మోసు పిల్లల్ని వదిలి పెంచుకునేవాళ్లు. మాకు మిగిలింది రోడ్ల పక్కన, రేపల్లె రైలు కట్ట పక్కన మట్టి తీసిన గుంటలు. కాలువ వదిలినప్పుడు తూముల్లోంచి, పొలాల మీదుగా చేప ఆ గుంటల్లోకి చేరేది. ఇంగిలాయి, మట్టగిడస, జెల్ల, బొమ్మిడాయి, అన్నిటికీ మించి కొర్రమీను. ఎండాకాలం కాలువలు కట్టేశాక గుంట అడుగున బురదనీరు మిగిలినా కొర్రమీను బతుకుతుంది. అది పైకి వచ్చి గాలి పీల్చుకోగల చేప.

మా పెదనాన్న గాలం పట్టుకుని గుంట చుట్టూ ఒకసారి తిరిగొచ్చేదాకా నీళ్లలో వేసేవాడు కాదు. "నీళ్లకేసి చూస్తావేంట్రా, గట్టు చూడు" అనేవాడు. గేదెలు దిగే చోట గట్టు బోడిగా ఉంటుంది, నీళ్లు కలకబారి ఉంటాయి, అక్కడ వద్దు. తూటికాడ నీళ్లలోకి ఒరిగిన చోట, తూము నోరు తెరుచుకున్న చోట, తుమ్మచెట్టు నీడ పడే చోట ఆగేవాడు. గుర్రపుడెక్క మధ్య జానెడు ఖాళీ ఉంటే చాలు. కదలకుండా నిలబడితే కాసేపటికి 'బుడుంగ్' మని చప్పుడు. కొర్రమీను గాలి పీల్చి మునిగింది. మూతి ఎటు తిరిగి ఉందో ఆ వైపు మూరెడు ముందుకి చిన్న కప్పని దించి, నీటి మీద తేలీ తేలనట్టు ఆడించేవాడు. దారం బిగిసిన వెంటనే లాగేవాడు కాదు. అది మింగి డెక్క కిందికి తిరిగేదాకా ఆగి, అప్పుడు ఒక్కసారి ఎత్తేవాడు.

ఇంత ఓపికమంతుడూ ఒక్కచోట మాత్రం గాలం వెయ్యనిచ్చేవాడు కాదు. వానలు పడ్డాక గుంటల్లో ఎర్రటి పిల్లల మంద నీటి పైపైన మరుగుతున్నట్టు కదులుతుంది. వాటి కిందే పెద్ద కొర్రమీను కాపలా ఉంటుంది. దగ్గరికి ఏది వచ్చినా మీద పడుతుంది కాబట్టి అక్కడ దించితే చేప పడి తీరుతుంది. అది పోయిందంటే పిల్లల్ని మిగతా చేపలు గంటల్లో ఊడ్చేస్తాయి. పెదనాన్న మమ్మల్ని అవతలి గట్టుకు తోలేసేవాడు.

ఇక్కడి బాస్‌ది కూడా ఇదే కథ. వసంతంలో నీరు 60 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటాక, ఉత్తర టెక్సస్‌లో సుమారుగా మార్చి, ఏప్రిల్ నెలల్లో, మగ బాస్ ఒడ్డు దగ్గర తోకతో నేలని ఊడ్చి గూడు చేస్తుంది. గట్టు మీదికి అది రెండు మూడు అడుగుల గుండ్రటి తెల్లమచ్చలా కనపడుతుంది. గుడ్లని, పిల్లల్ని కాసేది ఆ మగచేపే. దాన్ని తీసేస్తే బ్లూగిల్ చేపలు నిమిషాల్లో గుడ్లు తినేస్తాయి. చట్టం ఆ రోజుల్లోనూ పట్టుకోనిస్తుంది. మీరు మాత్రం పక్కకి జరగండి, పడితే అక్కడే వెంటనే వదిలెయ్యండి. పెద్ద రిజర్వాయర్‌లో ఒక గూడు పోతే తెలియదు. ఐదెకరాల చెరువులో అది వచ్చే రెండేళ్ల వేట.

ఇక ఎంపిక. టెక్సస్‌లో నగర, కౌంటీ పార్కుల్లో పూర్తిగా ఇమిడిపోయే 75 ఎకరాల లోపు చెరువుల్ని కమ్యూనిటీ ఫిషింగ్ లేక్స్ అంటారు. ఆలెన్‌లో బెథనీ లేక్స్ లాంటివి. అక్కడికి వెళ్లి పెదనాన్న లాగానే ముందు చుట్టూ ఒకసారి నడవండి. వాననీళ్లు పైపులోంచి దిగే చోటు మన తూము లాంటిదే. వాన పడ్డ మర్నాడు చిన్నచేప అక్కడికి చేరుతుంది, దాని వెనక బాస్ వస్తుంది. చెట్టు విరిగి నీళ్లలో పడి ఉందా? బల్లకట్టు లాంటి పియర్ ఉందా? నీడా, పుల్లలూ ఉన్నచోట క్రాపీ అనే చేప గుంపుగా నిలబడుతుంది. చుట్టూ సిమెంటు గోడ కట్టి, గడ్డి ఒక్క పరక లేకుండా కోసి, నడుమ ఫౌంటెన్ పెట్టిన చెరువు ఫోటోకి బాగుంటుంది గానీ వేటకి చివర చూడండి. కాలనీ సంఘాల (హెచ్ఓఏ) చెరువులైతే ముందు అనుమతి కనుక్కోండి. చాలావాటిలో అక్కడ ఉండేవాళ్లకి మాత్రమే హక్కు.

క్రాపీ విషయంలో ఒక జాగ్రత్త. మరీ చిన్న చెరువుల్లో అది విపరీతంగా పిల్లలు పెట్టి, తిండి చాలక వేలెడు చేపలుగానే మిగిలిపోతుంది. అందుకే చిన్న పాండ్‌లలో క్రాపీని వదలొద్దని జీవశాస్త్రజ్ఞులు చెబుతారు. ఆ పిల్లల్ని తిని అదుపులో పెట్టేది బాస్. ఒక చెరువులో గాలానికి అన్నీ బుల్లి క్రాపీలే తగులుతుంటే అక్కడ బాస్ తగ్గిందని అర్థం, ఇంకో చెరువు చూసుకోండి. మంచి క్రాపీ ఉన్న చోట బాస్ కూడా తిరుగుతుంది. 1992 జనవరిలో టెక్సస్‌లోని లేక్ ఫోర్క్‌లో క్రాపీ కోసం మిన్నో చేప గుచ్చిన బ్యారీ సెయింట్ క్లెయిర్‌కి 18.18 పౌన్ల బాస్ పడింది. టెక్సస్ రికార్డు ఇప్పటికీ అదే. చిన్న నీటిలో పెద్ద చేప ఉండదనుకునేవాళ్లకి ఇంకో సంగతి. 1932 జూన్ 2న జార్జియాలో జార్జ్ పెర్రీ 22 పౌన్ల 4 ఔన్సుల బాస్‌ని పట్టింది ఓక్మల్గీ నది పక్కన పాయగా మిగిలిన మాంట్‌గోమరీ లేక్ అనే మడుగులో. 2009లో జపాన్‌లోని బీవా సరస్సులో మనాబు కురిటా సమం చేసేదాకా ఆ బరువుని ఎవరూ అందుకోలేదు.

సామాను ఎక్కువ అక్కర్లేదు. సన్నదారం, చిన్న బెండు, దాని కింద రెండు మూడు అడుగుల్లో మిన్నో గానీ చిన్న జిగ్ అనే కృత్రిమ ఎర గానీ. క్రాపీ మూతి పలచన, కొర్రమీనుని ఎత్తినట్టు ఎత్తితే చిరిగి జారిపోతుంది. మెల్లిగా పైకి తేవాలి. 17 ఏళ్లు నిండినవాళ్లకి లైసెన్సు కావాలి. స్టేట్ పార్కులో గట్టు మీది నుంచైతే అక్కర్లేదు, జూన్ మొదటి శనివారం ఎవరికీ, ఎక్కడా అక్కర్లేదు. రాష్ట్రమంతటికీ ఉన్న నియమం ప్రకారం బాస్ 14 అంగుళాలు ఉండాలి, రోజుకి 5. క్రాపీ 10 అంగుళాలు, రోజుకి 25. కమ్యూనిటీ చెరువుల్లో మనిషికి రెండు గాలాలకి మించి వేయకూడదు, వల అసలే వద్దు. కొన్ని చెరువులకి వేరే లెక్కలుంటాయి, గట్టున బోర్డు చదవండి. క్రాపీ కండ మెత్తన. పులుసులో చెదిరిపోతుంది, వేపుడికి పెట్టుకోండి.

కొర్రమీను మీద బెంగతో దాన్ని ఇక్కడ పెంచుదామని మాత్రం అనుకోకండి. 2002లో మేరీలాండ్‌లోని క్రాఫ్టన్ ఊరి చెరువులో కొర్రమీను జాతికే చెందిన తూర్పు ఆసియా చేప బయటపడింది. న్యూయార్క్ మార్కెట్లో ప్రాణంతో కొన్నవాటిని ఎవరో అందులో వదిలేశారు. చివరికి చెరువు మొత్తానికి మందు కొట్టి చంపాల్సి వచ్చింది. ఆ ఏడాదే ఈ జాతి చేపల్ని ప్రాణంతో దేశంలోకి తేవడాన్ని, ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి తీసుకుపోవడాన్ని నిషేధించారు. అయినా 2004కల్లా అది పోటోమాక్ నదిలో కనపడింది.

కొర్రమీనుని దాని ఇంట్లోనే చూపించండి. మా చిన్ననాటి గుంటలు కొన్ని పూడిపోయి ఇళ్ల స్థలాలయ్యాయి, కొన్ని రొయ్యల చెరువులయ్యాయి. అయినా తెనాలి నుంచి రేపల్లె దాకా పాసింజర్ ఎక్కి కిటికీ పక్కన కూర్చుంటే కట్ట వెంట కలువలు, గుర్రపుడెక్క ఇంకా కనపడతాయి. పిల్లలతో సంక్రాంతికి వెళ్తే కాలువలు పారుతూ ఉంటాయి. వేసవి సెలవులకి వెళ్తే కాలువలు ఎండి, చేపంతా మడుగుల్లో చేరి ఉంటుంది. ఏ మడుగు ఎవరి పాటలో ఉందో ఊళ్లో కనుక్కుని, వాళ్లని ఒక మాట అడిగి, అప్పుడు గాలం దించండి.