వంకాయ నిలువకు నూనె కాదు, పులుపు ముఖ్యము

సికింద్రాబాదులోని మోండా మార్కెట్టుకు గాని, బోయినపల్లి కూరగాయల మార్కెట్టు యార్డుకు గాని తెల్లవారుజామున పోయి చూచినవారికి ఒక సంగతి విశదమగును. వంకాయ దిగుబడి ఒక్కసారిగా వచ్చిపడిన దినములలో ఉదయము పలికిన ధర మధ్యాహ్నమునకు నిలువదు. కోతకూలి, గోనెసంచి, బండి కిరాయి తీసివేసిన పిమ్మట రైతు చేతికి వచ్చునది స్వల్పము. ఒక్కొక్కప్పుడు అదియు రాదు. అమ్ముడుపోని సరకు చెత్తకుప్పకు చేరును.

బోయినపల్లి యార్డులో ఈ చెత్తను వృథాగా పోనీయక, తార్నాకలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ వారి పద్ధతిపై గ్యాసు, విద్యుత్తు తయారుచేయు యంత్రశాలను నెలకొల్పినారు. దినమునకు సుమారు 10 టన్నుల వ్యర్థమునుండి 500 యూనిట్ల విద్యుత్తు, 30 కిలోల ఇంధనము లభించుచున్నట్లు 2021 జనవరి 31న ప్రధానమంత్రి తమ రేడియో ప్రసంగమున తెలిపిరి. ఇది మెచ్చదగిన పనియే. అయినను రైతు చెమటోడ్చి పండించిన కాయ మనిషి నోటికి చేరుట అంతకంటె మేలు కదా! ధర పడిపోయిన దినములలో కొంత కాయనైనను ఇంటిపట్టున నిలువచేసికొను మార్గమును ఈ వ్యాసమున వివరింపదలచినాను.

గ్రీకు దేశమువారి రీతి

వంకాయ మన దేశమునకు చిరకాలముగా పరిచయమైన పంట. ఇక్కడినుండి పారశీకమునకు పోయి బాదింజాన్ అయినది. అరబ్బుల ద్వారా మధ్యధరా సముద్రతీర దేశములకు వ్యాపించినది. గ్రీకులు దీనిని మెలిజానా అందురు. ఆ దేశములో లియోనిదియో అను ఊరివారు ఊదారంగుపై తెల్లచారలుగల పొడుగు వంకాయను ప్రత్యేకముగా పండించి, ఆ ఊరిపేరు మీదనే అమ్ముకొనుచున్నారు.

గ్రీకులు వంకాయతో చేయు వంటకములలో మూడు మనకు అక్కరకు వచ్చును. మొదటిది, కాల్చిన వంకాయను మెదిపి వెల్లుల్లి, పులుపు, నూనె కలుపునది. ఇది మన కాల్చిన వంకాయ పచ్చడికి తోబుట్టువు. రెండవది, ముక్కలను పుల్లని ద్రవములో ఉడికించి నూనెలో ఊరవేయునది. మూడవది, లేత చిన్న వంకాయలను చీల్చి, లోపల కూరముక్కలు కూరి, సిర్కాలో ఊరవేయునది. దీనిని వారు తుర్సి అందురు. పారశీక భాషలో తుర్ష్ అనగా పులుపు. గుత్తి వంకాయ, బగారా బైంగన్ చేయు చేతులకు ఈ పని కొత్త కాదు.

నూనె నిలువచేయదు

అసలు విధానమునకు పోవుటకు ముందు ఒక పొరపాటును తొలగించవలసియున్నది. ఆవకాయ నూనెలో ఉన్నందువలన నిలువయుండునని చాలమంది తలంతురు. అది సరికాదు. ఆవకాయను కాపాడునది మామిడికాయలోని పులుపు, అందు వేసిన ఉప్పు. నూనె పైన తేలి గాలి తగులకుండ చేసి బూజును మాత్రమే అరికట్టును. మామిడికాయకు పులుపు స్వతహాగా కలదు. వంకాయకు లేదు. ఇదియే ఈ రెండింటికిని గల భేదము.

ఉద్యోగములో చేరిన కొత్తలో నేనును ఈ తప్పు చేసితిని. మేడ్చలు దాపున ఒక గ్రామమున మహిళా సంఘమువారికి ప్రదర్శన చూపుచు, కాల్చిన వంకాయ ముక్కలు, పచ్చి వెల్లుల్లి సీసాలో వేసి, మునుగునట్లు నూనె పోసి మూత బిగించితిని. అక్కడనున్న ఒక పెద్దామె, "పులుపు లేని తొక్కు ఎన్నాళ్ళు నిలుస్తది సారూ?" అని అడిగినది. నూనె ఉన్నదిగదా అని జవాబిచ్చితిని. నాలుగవ దినమున మూత ఉబ్బి, నూనెలో బుడగలు లేచినవి. ఎవరును రుచి చూడకుండ గుంటతీసి పాతిపెట్టించితిని. ఆమె ప్రశ్నయే సరియైనది.

ఆ సీసాలో జరుగగల కీడు సామాన్యమైనది కాదు. నేలలో క్లాస్ట్రిడియం బొటులినమ్ అను సూక్ష్మజీవి బీజములు ఉండును. మట్టి అంటిన వెల్లుల్లి, కూరగాయలతో అవి వంటింటికి వచ్చును. నీటిలో మరగించినను ఈ బీజములు చావవు. గాలి తగులని చోట, పులుపు చాలని పదార్థములో, గది వేడిమివద్ద అవి మొలకెత్తి నరములను చచ్చుబడజేయు ఘోరమైన విషమును పుట్టించును. నూనెలో మునిగిన పులుపులేని ముక్క వాటికి సరియైన నివాసము. ఒక్కొక్కప్పుడు సీసా ఉబ్బును, ఒక్కొక్కప్పుడు ఉబ్బదు. వాసనలోగాని, రుచిలోగాని తేడా తెలియకపోవచ్చును. కనుక "కొంచెము నాలుకపై వేసి చూతము" అనుట మిక్కిలి ప్రమాదము.

దీనికి విరుగుడు పులుపు. పులుపును పి.హెచ్. అను కొలతతో లెక్కింతురు. అంకె తగ్గినకొలది పులుపు ఎక్కువ. 4.6 కంటె తక్కువయున్నచో ఈ సూక్ష్మజీవి పెరుగజాలదు. ఇంటి పనిలో పొరపాట్లకు తావుండును గనుక 4.0 లోపుగా ఉంచుట మంచిది. పి.హెచ్. చూచు కాగితపు పట్టీలు ప్రయోగశాల సామగ్రి అమ్ము దుకాణములలో దొరకును. సంఘముగా ఏర్పడి పనిచేయువారు తప్పక కొని ఉంచుకొనవలెను.

కాయల ఎంపిక

1. ఉదయపు చల్లదనములో ముచ్చికతో సహా కోయవలెను. కోసిన కాయలను నీడలో ఉంచి తడిగోనె కప్పవలెను.

2. కాయ నిగనిగలాడుచు ఉండవలెను. బొటనవ్రేలితో నొక్కి వదలినచో తిరిగి పైకి లేవవలెను. మెరుపు తగ్గినదనగా గింజ ముదిరినదని గుర్తు. ముదురు గింజ చేదును, కండ నారను తెచ్చును.

3. కాయతొలుచు పురుగు రంధ్రమున్న కాయలను వేరుచేయవలెను. పైకి బాగుగా కనిపించు కాయలోను పురుగు ఉండవచ్చును గనుక ప్రతి కాయను చీల్చి చూడవలెను.

4. పురుగుమందు చల్లిన తోటలో, డబ్బాపై వ్రాసిన గడువు దాటనిదే కోయరాదు. ఊరవేసినంతమాత్రమున మందు అవశేషము పోదు.

5. వంకాయను శీతలపెట్టెలో ఎక్కువ దినములు దాచరాదు. 10 డిగ్రీల సెల్సియస్ కంటె తక్కువ చల్లదనమునకు కాయ లోపల నల్లబడి, పైన గుంటలు పడును.

ఉప్పు ఎందుకు పట్టించవలెను?

వంకాయ కండ స్పాంజివలె గాలి గదులతో నిండియుండును. పచ్చిముక్కను నూనెలో వేసినచో ఆ గదులు నూనెను పీల్చును. ముందుగా ఉప్పు పట్టించినచో నీరు బయటికి వచ్చి, గదులు అణగిపోయి, ముక్క గట్టిపడును. నూనె ఖర్చు తగ్గును. సిర్కాయు పలుచబడక ముక్కకు నేరుగా పట్టును. ఇక కోసిన ముక్క నల్లబడుట గాలి తగులుటవలన కలుగును. ఇనుప కత్తి వాడినచో మరింత నల్లబడును. మన గృహిణులు ముక్కలను ఉప్పునీటిలో వేయుట ఇందులకే.

మొదటి పద్ధతి: కాల్చిన వంకాయ

పెద్ద వంకాయలు 1 కిలో, వెల్లుల్లి 2 రెబ్బలు, నిమ్మరసము 2 పెద్ద చెంచాలు, వేరుశనగనూనె గాని నువ్వులనూనె గాని 4 పెద్ద చెంచాలు, తగినంత ఉప్పు తీసికొనవలెను. కాయకు గాట్లుపెట్టి లోపల చూచి, నిప్పులపై తోలు మాడి కండ మెత్తబడువరకు కాల్చవలెను. చిల్లుల గిన్నెలో పావుగంట ఉంచినచో చేదునీరు కారిపోవును. తోలు చేతితో ఒలువవలెనేగాని నీటిలో కడుగరాదు. కడిగినచో కాల్చిన కమ్మదనము పోవును. తరువాత మెదిపి, నూరిన వెల్లుల్లి, ఉప్పు, నిమ్మరసము కలిపి, నూనెను కొద్దికొద్దిగా పోయుచు కలియబెట్టవలెను. గ్రీకులు ఆలివ్ నూనె వాడుదురు. మనకు మన గానుగ నూనెయే చాలును. ఇది నిలువ పదార్థము కాదు. ఆ పూటకే వాడుకొనవలెను.

రెండవ పద్ధతి: సిర్కాలో ఉడికించి నూనెలో ఊరవేయుట

కావలసినవి: వంకాయలు 1 కిలో, ఉప్పు 40 గ్రాములు, సిర్కా 1 లీటరు, వెల్లుల్లి 6 రెబ్బలు, ఎండుమిరపకాయలు 2, మిరియాలు అర చెంచా, నూనె ముక్కలు మునుగునంత. సిర్కాసీసాపై ఎసిటిక్ ఆమ్లము ఎంత శాతమో చూచి, 4 శాతమునకు తగ్గనిది కొనవలెను. నీరు కలుపరాదు.

ముక్కలను వ్రేలిమందమున కోసి, ఉప్పు పట్టించి, చిల్లుల గిన్నెలో వేసి, పైన బరువు పెట్టి రెండు గంటలు ఉంచవలెను. నీరు గట్టిగా పిండివేయవలెను. స్టీలు పాత్రలో సిర్కాను మరగించి, ముక్కలు, వెల్లుల్లి, మిరపకాయలు, మిరియాలు అన్నియు అందులో వేసి, మరల మరుగుపట్టినప్పటినుండి మూడు నిమిషములు ఉడికించవలెను. రాగి, ఇత్తడి, అల్యూమినియము పాత్రలు పనికిరావు. వాటిని పులుపు తినివేయును. వెల్లుల్లిని పచ్చిగా నూనెలో ఎన్నడును వేయరాదు. ముక్కలను వడగట్టి, మరగించి ఆరబెట్టిన గాజుసీసాలో సర్ది, నూనె పోయవలెను. గ్రీకులు వాసనకు ఒరెగానో ఆకు వేయుదురు. మన పెరటి వాము ఆకు వాసన దానికి దగ్గరగా ఉండును. దానినిగూడ సిర్కాలో ఉడికించియే వేయవలెను. ఈ సీసాను శీతలపెట్టెలోనే ఉంచి, ఒక వారము లోపల వాడుకొనవలెను. క్యారెట్టు, కాలీఫ్లవరు, ఉల్లి ముక్కలనుగూడ ఇట్లే చేయవచ్చును.

మూడవ పద్ధతి: కూరిన వంకాయ తుర్సి

ఇందు నూనె లేదు. వంకాయ పూర్తిగా సిర్కాలోనే ఉండును. లేత చిన్న వంకాయలు 1 కిలో తీసికొని, గుత్తి వంకాయకు వలె తొడిమ విడకుండ చీల్చి, మరగు ఉప్పునీటిలో ఐదు నిమిషములు ఉంచి, తీసి, నీరు ఓడ్చవలెను. సన్నగా తరిగిన క్యారెట్టు, వెల్లుల్లి, కొత్తిమీర కాడలు లోపల కూరి, దారముతో కట్టవలెను. సీసాలో సర్ది, 40 గ్రాముల ఉప్పు కలిపి మరగించిన సిర్కాను నీరు కలుపక పోయవలెను. కాయ ఏదియు పైకి తేలరాదు. శీతలపెట్టెలో ఉంచినచో రెండు మూడు వారములకు ఊరును. తినుటకు ముందు ఒక కాయను, లోపలి కూరతోసహా మెత్తగా నూరి పట్టీతో పరీక్షింపవలెను. 4.6 గాని అంతకు మించిగాని చూపినచో ఆ సీసాను పారవేయవలెను.

ఇట్టి పదార్థములలో ఉప్పు హెచ్చు. మనిషి దినమునకు అన్నివిధముల కలిపి 5 గ్రాముల లోపు ఉప్పు తినవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. కనుక నంజుకొనుటకే వాడవలెను.

అమ్మదలచినవారికి

ముందు ఇంటివాడుకకు చేసి, చేయి తిరిగిన పిమ్మటనే అమ్మకమునకు పూనుకొనవలెను. ఎన్ని కిలోల కాయకు ఎన్ని సీసాలు వచ్చినవి, సిర్కా, నూనె, సీసా, కూలి ఎంతయైనవి ప్రతిసారియు తూచి వ్రాసికొనవలెను. చాలచోట్ల వంకాయకంటె సిర్కాకు, సీసాకు అయ్యెడి ఖర్చే ఎక్కువగా కనబడును. కాయ చవుకగా వచ్చినదని మాత్రమే లాభమని ఎంచరాదు. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థవద్ద నమోదు పొందవలెను. సీసాపై తయారుచేసిన తేదీ, వాడిన సరకులు, గడువు వ్రాయవలెను. గ్రామాధికారులు, సంఘ నాయకులు ఈ విషయమున వారికి తోడ్పడవలెను.

రైతు సోదరులారా! రైతు సోదరీమణులారా! వచ్చే కాపులో ధర పడిపోయిన దినమున ఒక్క కిలో కాయతో రెండవ పద్ధతిని చేసి చూడుడు. పని నేర్చుటకు ఒక కిలో చాలును. అయితే సీసా మూత బిగించుటకు ముందు మేడ్చలు దాపునగల ఆ పెద్దామె ప్రశ్నను మీకు మీరే వేసికొనుడు: ఇందులో పులుపు ఏది? జవాబు సరిగా దొరికిననే మూత బిగించుడు.