మొహం దాచుకోని సింహాలు

పిల్లల సంగీత నాటకంలో జంతువు వేషం అంటే మొహమంతా కప్పేసే తొడుగే గుర్తొస్తుంది. లోపల ఒకటే ఉక్క, మాట బయటికి రాదు. ఇక పాట సంగతి చెప్పేదేముంది!

1997లో బ్రాడ్‌వేకెక్కిన ‘ద లయన్ కింగ్’లో దర్శకురాలు జూలీ టేమర్ ఆ పద్ధతే మార్చేశారు. సింహం మాస్కు నటుడి తలపైన ఉంటుంది, కింద అతని మొహం తేటగా కనిపిస్తుంది. దుష్టుడు స్కార్ ముందుకు వంగాడా, మాస్కు జారి మొహం ముందుకొస్తుంది. నిటారుగా నిలబడితే మళ్లీ పైకి. జిరాఫీ వేషగాళ్లది ఇంకా కష్టం. కాళ్లకే కాదు, చేతులకూ పొడుగాటి కర్రలు తగిలించుకుని నాలుగు కాళ్ల మీద నడవాలి.

జింకల గుంపుకి ఒక్క మనిషి చాలు. అతను తోసే బండి చక్రాలు తిరుగుతుంటే బొమ్మ జింకలు గెంతుతాయి.

బడి పిల్లల కోసం గంట, అరగంట నిడివికి కుదించిన రూపాలూ ఉన్నాయి. వాటికి అట్ట చెవులు, ఊలు జూలు చాలు.