ఊపిరి బిగబట్టే ఊరు

ఈ ఊరి పేరు మన పత్రికల్లో ఒక్కోచోట ఒక్కోలా కనిపిస్తుంది. ఊరివాళ్లు మాత్రం ‘వైక్ ఆన్ జే’ అన్నట్టుగా పలుకుతారు. సముద్రం ఒడ్డున ఉన్న వైక్ అని దానర్థం. నెదర్లాండ్స్‌లో, ఉత్తర సముద్రం అంచున ఉన్న చిన్న పల్లె ఇది. ఓ పక్క ఇసుక దిబ్బలు, ఇంకో పక్క ఉక్కు కర్మాగారం పొగగొట్టాలు. జనవరిలో సముద్రపు గాలి చెవులు కోసేస్తుంటుంది. సెలవులకు ఎవరూ రారనిపించే ఆ కాలంలోనే ప్రపంచంలోని మేటి చెస్ ఆటగాళ్లు ఎందరో ఇక్కడ దిగుతారు. వాళ్ల వెనకే, వాళ్లు ఆడుతుంటే చూడాలన్న పిచ్చి ఉన్నవాళ్లూ వస్తారు.

ఈ పోటీ 1938లో పక్కనున్న బెవర్‌వైక్‌లో హూగోవెన్స్ ఉక్కు కంపెనీ పేరుతో మొదలై, 1968లో ఈ ఊరికి మారింది. కంపెనీ చేతులు మారినప్పుడల్లా పోటీ పేరూ మారుతూ వచ్చింది. 2011 నుంచి అది టాటా స్టీల్ చెస్.

ఆట జరిగేది డి మోరియాన్ అనే హాల్లో. అద్దాల మేడేం కాదు, ఊరి జనం ఆటపాటలకు వాడుకునే మామూలు హాలు. విశేషమంతా అందులో కూర్చునే తీరులో ఉంది. గ్రాండ్‌మాస్టర్లు ఆడే చోటే, హద్దుకు ఇవతల, వందల మంది మామూలు ఆటగాళ్లు తమ తమ గ్రూపుల్లో ఆడుకుంటుంటారు. బడి పంతులు, రిటైరైన పెద్దాయన, పదేళ్ల పిల్ల ఎవరైనా కావచ్చు. వాళ్లలో ఒకడు తన ఎత్తు వేసేసి గడియారం నొక్కి, ఎదుటివాడు ఆలోచనలో పడగానే మెల్లగా లేచి హద్దు దగ్గరికి నడుస్తాడు. చేతులు వెనక్కి కట్టుకుని గ్రాండ్‌మాస్టర్ల బల్లల వైపు మెడ చాస్తాడు. అటు తన బల్ల మీద ఎదుటివాడు ఎత్తు వేసేసి ఉంటాడు, ఇక తన సమయమే కరిగిపోతుంటుంది. ఆ సంగతి తెలిసినా కదలడు.

అక్కడ అరుపులు, చప్పట్లు ఉండవు. ఎవరైనా పొరపాటు ఎత్తు వేస్తే చూసేవాళ్లలో కనుబొమలు లేస్తాయి, ఒకడి మోచేయి పక్కవాడి డొక్కలో తగులుతుంది, అంతే. ఆట ముగిసిందని తెలియడానికీ మాట అక్కర్లేదు. ఇద్దరూ చేతులు కలిపాక రాజులిద్దరినీ బల్ల మధ్యకు తెచ్చి పెడతారు. రెండూ తెల్ల గడుల్లో ఉంటే తెల్లపావులు గెలిచినట్టు, నల్ల గడుల్లో ఉంటే నల్లపావులు గెలిచినట్టు. ఎలక్ట్రానిక్ బల్లకు ఫలితం చెప్పడానికి పెట్టుకున్న గుర్తు అది. దూరంగా నిలబడ్డవాడికీ అది చాలు.

నోరు విప్పాలంటే మాత్రం ఊళ్లోని కెఫే డి జోన్‌కు పోవాలి. చూసేవాళ్ల కోసం వ్యాఖ్యానం అక్కడ నడుస్తుంది. హాల్లో దిగమింగుకున్న ‘అయ్యో’లన్నీ బయటపడేది అక్కడే.

మనమైతే ఇళ్లలో, మామూలు రోజుల్లో ఆట మొదలయ్యే సాయంత్రం ఆరున్నరకు ఫోన్ పట్టుకుని కూర్చుంటాం. తెర పక్కనే తెలుపూ నలుపూ గీత ఒకటి, ఎవరిది పైచేయో కంప్యూటర్ లెక్కగట్టి చూపిస్తూ. గీత కిందికి జారితే చాలు, ప్రపంచ చాంపియన్‌నైనా ‘ఇంత మాత్రం కనిపించలేదా’ అనేస్తాం. మనకూ కనిపించలేదని ఒప్పుకోం. హద్దు దగ్గర నిలబడ్డవాడికి ఆ గీత లేదు. ఎత్తు మంచిదో చెడ్డదో తన బుర్రతోనే తేల్చుకోవాలి. నా దృష్టిలో అసలు ప్రేక్షకుడు వాడే.

1999 జనవరి 20న ఇదే పోటీలో కాస్పరోవ్ తన 24వ ఎత్తులో టోపలోవ్ బంటును ఏనుగుతో కొట్టాడు. దానికి కాపు ఉంది, ఏనుగు పోతుంది. అయినా కొట్టాడు. టోపలోవ్ దాన్ని తీసుకున్నాడు. అక్కడి నుంచి టోపలోవ్ నల్లరాజు పరుగు మొదలైంది. ఒక్కో గడీ దాటుకుంటూ బల్ల ఆ చివరికి, తెల్లపావులు మొదట బారుతీరే వరుస దాకా వెళ్లాడు. 44వ ఎత్తుతో ఆట కాస్పరోవ్ గెలుపుతో ముగిసింది. ఏనుగు పోయిన క్షణంలో ఇది మేధస్సో తెగింపో చెప్పే గీత ఎవరి ముందూ లేదు. అందుకే ఆ ఆట చూసినవాళ్లను చూస్తే నాకు అసూయ.

మనవాళ్లకు ఈ ఊరు కొత్తదేం కాదు. 2012లో హరికృష్ణ ఇక్కడ ప్రధాన పోటీకి కింది మెట్టయిన బి గ్రూపు గెలిచాడు. 2022లో వరంగల్ కుర్రాడు అర్జున్ ఇరిగేశి అదే మెట్టులోని చాలెంజర్స్ గెలిచాడు. కానీ తెలుగు ప్రేక్షకుడిని ఈ ఊరు నిజంగా ఇరకాటంలో పెట్టింది 2025 ఫిబ్రవరి 2న, చివరి రౌండులో. ప్రపంచ చాంపియన్ గుకేశ్, చెన్నైలో పెరిగిన తెలుగింటి పిల్లాడు, ప్రజ్ఞానందతో సమానంగా ముందున్నాడు. ఎదురుగా ఉన్నది, ఆ పోటీ అంతా తడబడుతూ వచ్చిన అర్జున్. ఆ రోజు మాత్రం అర్జునే గెలిచాడు. వరంగల్ గెలిచిందని ఎగరాలా, గుకేశ్‌కు కిరీటం చేజారేలా ఉందని తల పట్టుకోవాలా?

ఏదో ఒకటి తేల్చుకునే వ్యవధి కూడా దొరకలేదు. డ్రా చేసుకుంటే కిరీటం తనదే అయ్యే ప్రజ్ఞానంద, మరో బల్ల దగ్గర కీమర్ అనే ఆటగాడి చేతిలో గంటలకొద్దీ పోరాడి ఓడిపోయాడు. ఇద్దరూ ఓడి ఇద్దరూ మొదటి స్థానంలో! టై బ్రేక్ తొలి ఆట గుకేశ్‌ది, రెండోది ప్రజ్ఞానందది. మూడోది గెలిస్తే పోటీయే గెలిచినట్టు. నిమిషాల ఆటలో గడియారం మీద చెయ్యి పడే వేగానికి చూసేవాళ్ల కళ్లు అందుకోలేవు. ప్రజ్ఞానంద గెలిచాడు. అప్పటికి మన దగ్గర రాత్రి. మర్నాడు బడీ ఆఫీసూ ఉన్నా, తెర ముందు నుంచి లేవని ఇళ్లు ఎన్నో.