కొర్రమీను కాపలా

చెరువుగట్టున గాలం వేసుకుని కూర్చున్న తాతలను చూశారు కదూ? వాళ్ల చూపంతా బెండు మీదే వుంటుందనుకున్నారా? కొర్రమీను కోసం వచ్చిన తాత నీటినే కనిపెట్టి చూస్తూ వుంటాడు. ఎందుకంటే, ఆ చేపకు మొప్పలొక్కటే చాలవు. మొప్పలకు పైన, తలలో, గాలి పీల్చే గదులున్నవి. మాటిమాటికీ పైకి వచ్చి గాలి మింగవలసిందే. రాకుండా అడ్డుకుంటే నీళ్లలోనే ఊపిరాడక చచ్చిపోతుంది! చేప నీళ్లలో చావడమేమిటని నవ్వుతారేమో, కాని అది నిజం. అది "బుడుంగు"మన్నచోటనే కప్పపిల్లను గుచ్చిన గాలం పడుతుంది.

2016లో తెలంగాణ తన రాష్ట్ర చేపగా ఎంచుకున్నది దీన్నే.

ఒక్కొక్కప్పుడు వందలకొద్దీ ఎర్రని చిట్టిచేపలు గుంపుగా పైకి తేలుతాయి. అవి కొర్రమీను పిల్లలు. వాటి అడుగున తల్లో తండ్రో కాపలా వుంటుంది. కప్ప దగ్గరకు వస్తే చాలు, ఆకలి లేకపోయినా మీదపడుతుంది. అప్పుడు దాన్ని పట్టడం బహు సులువు. కాని కాపలా పోతే ఆ పిల్లలు తక్కిన చేపల నోట పడతాయి. చేయి తిరిగిన తాత ఏం చేస్తాడో తెలుసునా? గాలం చుట్టుకుని మరో రేవుకు పోతాడు. అందరూ పోరు, పోయేవాణ్ణే నేను వేటగాడంటాను. ఆ ఎరుపు మాసి, పిల్లలు తలోదారి పట్టాకనే అతను మళ్లీ ఈ రేవుకు వస్తాడు.