పిడుదును తీసే పద్ధతి

పిడుదు అనండి, గోమారి అనండి, పేరు ప్రాంతాన్ని బట్టి మారుతుంది గాని పురుగు మాత్రం అదే. పశువుల కొట్టం వున్న ఇంట్లో దీన్ని ఎరగనివారు వుండరు. ఎద్దు గంగడోలు కింద, ఆవు పొదుగు దగ్గర, కుక్క చెవి అంచున శనగగింజల్లాగా పట్టుకుని వేళ్ళాడుతూ వుంటే రోజూ చూస్తూనే వుంటాము. చూసిన వెంటనే గోళ్ళతో గిల్లి లాగెయ్యడం, బొటనవేలి గోటి మీద పెట్టి చిదిమెయ్యడం మనకు అలవాటు. పేనును కుక్కినట్టే దీన్నీ కుక్కుతాము. ఆ అలవాటును గురించే మీకు నాలుగు మాటలు మనవి చెయ్యదలచాను. ఎందుకంటే, పిడుదు కుట్టడంలో వున్న ప్రమాదం కొంతయితే, మనం దాన్ని తీసే తీరులో వున్న ప్రమాదం మరికొంత.

ముందు అది ఎలా పట్టుకుంటుందో చూడండి. పిడుదు సాలెపురుగుకు దూరపు చుట్టం. పెద్దదానికి ఎనిమిది కాళ్ళు, గుడ్డులోంచి అప్పుడే వచ్చిన పిల్లకు ఆరే కాళ్ళు. ఎగరలేదు, దూకలేదు. గడ్డిపరక మీదికో పొద మీదికో ప్రాకి, ముందుకాళ్ళు చాచి కాచుకుని వుంటుంది. పశువో కుక్కో మనిషో రాసుకుంటూ పోగానే అంటుకుంటుంది. ఒంటి మీద కాస్త తిరిగి, మెత్తని చోటు చూసుకుని, నోటి ముల్లును చర్మంలోకి దించుతుంది. చేపల గాలానికి వున్నట్టు ఆ ముల్లుకు వెనక్కు తిరిగిన పళ్ళు వుంటాయి. అది చాలదన్నట్టు చాలా రకాల పిడుదులు నోట్లోంచి ఒక జిగురు వదిలి, సిమెంటు పోసినట్టు చుట్టూ బిగించుకుంటాయి. వాటి లాలాజలంలో నొప్పి తెలియనివ్వని గుణం వున్నది గనుక, కుట్టినట్టే మనకు తెలియదు. రోజుల తరబడి కూర్చుని రక్తం తాగుతాయి.

సరిగ్గా ఇక్కడే మనవాళ్ళు పిడుదుకూ జలగకూ తేడా మరిచిపోతారు. జలగ మీద ఉప్పు వేస్తే ఊడిపడుతుంది. (జలగకైనా అది మంచి పద్ధతి కాదనుకోండి.) ఆ లెక్కనే పిడుదు మీద కిరసనాయిలు పోస్తారు, సున్నం రాస్తారు, చుట్ట నిప్పు తగిలిస్తారు. జిగురుతో బిగించుకుని వున్నది తాను వదలాలనుకున్నా అప్పటికప్పుడు వదలలేదు. ఆ బాధలో లాలాజలాన్నీ కడుపులోదాన్నీ గాయంలోకి కక్కవచ్చును. జబ్బుక్రిములు వుండేది అందులోనే. తీద్దామని మొదలుపెట్టిన పని, జబ్బు ఎక్కించే పనిగా మారుతుందన్నమాట. చర్మం కాలడం అదనం.

ఏమిటా జబ్బులు అంటారేమో. 1957లో, అప్పటి మైసూరు రాష్ట్రంలోని షిమోగా జిల్లాలో, క్యాసనూరు అడవి ప్రాంతాన కోతులు వరసగా చచ్చిపోయాయి. ఆ చుట్టుపక్కల పల్లెల్లో, కట్టెలకనీ పశువుల వెంటా అడవికి వెళ్ళే మనుషులకు తీవ్రమైన జ్వరం పట్టుకున్నది. పూనాలోని వైరస్ పరిశోధన కేంద్రంవారు శోధించి, ఇది అడవి పిడుదులు మోసుకువచ్చే కొత్త వైరస్ అని తేల్చారు. దాన్ని జనం కోతి జ్వరం అంటారు. కర్ణాటకలో అది ఇప్పటికీ పోలేదు. 2011లో గుజరాతులో క్రిమియన్ కాంగో రక్తస్రావ జ్వరం బయటపడింది. మనదేశంలో అది మనుషులకు సోకినట్టు తేలడం అదే మొదలు. రోగితోపాటు, వైద్యం చేసిన డాక్టరు, నర్సు కూడా ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఈ జ్వరం పిడుదు కుడితేనే కాదు, పిడుదును వట్టి చేత్తో చిదిమినా, సోకిన పశువు రక్తం చేతికి తగిలినా రావచ్చును. కుక్కల మీది పిడుదులు మోసే టైఫస్ జ్వరం ఒకటి మనదేశంలో అనేక చోట్ల వున్నది.

భయపెట్టడానికి చెప్పడం లేదు. ప్రతి పిడుదులోనూ జబ్బు వుండదు. చాలా కుట్లు నాలుగు రోజులు దురదపెట్టి మానిపోతాయి. కాని ఏ పిడుదులో ఏముందో పైకి కనపడదు గదా!

కాబట్టి తీసే పద్ధతి ఇది. ముల్లు తీసే శ్రావణం మన ఇళ్ళల్లో వుండేదే, చిమటా అన్నా అదే. దాని కొన ఎంత సన్నగా వుంటే అంత మంచిది. పిడుదు పొట్ట దగ్గర కాదు, తల దగ్గర, చర్మానికి ఆనించి పట్టుకోవాలి. పొట్టను పట్టి నొక్కితే లోపలిదంతా గాయంలోకి పోతుంది. పట్టుకున్నాక నిలువుగా, నెమ్మదిగా, ఒకే బిగువున పైకి లాగండి. మెలి తిప్పవద్దు, ఒక్క గుంజు గుంజవద్దు. చర్మం కొంచెం పైకి లేస్తుంది, లేవనివ్వండి. అలాగే పట్టి వుంచితే కొద్దిసేపట్లో అదే ఊడి వస్తుంది. ఓపిక ఒక్కటే ఇందులో వున్న విద్య. శ్రావణం లేకపోతే వేళ్ళకు ప్లాస్టిక్ కాగితమో మందపాటి గుడ్డో అడ్డం పెట్టుకుని ఇదే విధంగా తియ్యవచ్చు. వట్టి చేతులతో మాత్రం వద్దు.

తల లోపలే తెగిపోతే ఎలా అని మీరు అడగవచ్చును. శ్రావణానికి సులువుగా దొరికితే తియ్యండి, దొరకకపోతే వదిలెయ్యండి. ముల్లు విరిగినట్టే, కొద్ది రోజులకు చర్మమే దాన్ని బయటికి నెట్టేస్తుంది. సూదితో కెలికి పుండు చేసుకోవడం కంటే అది నయం. తరువాత ఆ చోటును, మీ చేతులను సబ్బుతో బాగా కడుక్కోవాలి. తీసిన పిడుదును నేల మీద కాలితో నలపకుండా, స్పిరిట్ పోసిన చిన్న సీసాలో వేసి మూత బిగించండి. సీసా మీద తేదీ వ్రాసి పెట్టండి. రెండు మూడు వారాల లోపల జ్వరం, తలనొప్పి, ఒళ్ళునొప్పులు, ఒంటి మీద ఎర్రని మచ్చలు, ముఖ్యంగా అరచేతుల్లో అరికాళ్ళలో కనపడితే వెంటనే డాక్టరు దగ్గరకు వెళ్ళి, పిడుదు కుట్టిందని, ఫలానా తేదీన తీశామని మీరే చెప్పాలి. చెప్పకపోతే ఆయనకు ఆ ఊహ తట్టకపోవచ్చు. టైఫస్ జ్వరానికి మంచి మందు వున్నది, అయితే అది తొందరగా పడాలి.

పొలం నుంచో బీడు నుంచో వచ్చాక స్నానం చేసేటప్పుడు ఒళ్ళు తడిమి చూసుకోండి. చంకలు, గజ్జలు, మోకాలి వెనుక, చెవుల వెనుక, బొడ్డు, మొలతాడు వుండే చోటు. పిల్లలకయితే తల వెంట్రుకల్లో కూడా వెతకాలి. చిన్న పిడుదులు గసగసాల గింజంతే వుంటాయి, మురికి మచ్చ అనుకుని వదిలెయ్యకండి.

ఇక కుక్క సంగతి. తీసే పద్ధతి దానికీ ఇదే. ఒకరు పట్టుకోవాలి, ఒకరు తియ్యాలి. ఎంత పెంపుడుదయినా నొప్పి పుడితే కరుస్తుంది, మూతికి మెత్తని గుడ్డ చుట్టడం మంచిది. వేసవిలో మాత్రం ఎక్కువసేపు వుంచకండి, కుక్క ఒంటి వేడిని నోటి ద్వారానే పోగొట్టుకుంటుంది. చెవుల లోపల, కాలివేళ్ళ సందుల్లో, మెడపట్టీ కింద, తోక మొదట్లో చూడండి. చెవిలో లోతుగా వున్నవాటి జోలికి మీరు పోవద్దు, అది పశువైద్యుని పని. పొట్ట కింద చనుమొనను పిడుదనుకుని లాగేవారున్నారు, కాళ్ళు కనపడితేనే పట్టండి! కుక్క తిండి మాని, చిగుళ్ళు పాలిపోయి, ముక్కున రక్తం కారినా, మూత్రం ముదురు రంగులో పోసినా పిడుదు జ్వరమేమోనని అనుమానించి వెంటనే పశువుల ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

కుక్కపిడుదుకు ఇంకో గుణం వున్నది. పిల్లదశలో ఒకసారి, నడిదశలో ఒకసారి, పెద్దదయ్యాక ఒకసారి కుక్కనెక్కి రక్తం తాగి, ప్రతిసారీ దిగిపోతుంది. దిగి గోడ పగుళ్ళలో, గడప సందుల్లో, కుక్క పడుకునే గోనెపట్టాల కింద దాక్కుంటుంది. ఆడది అక్కడే వేల గుడ్లు పెడుతుంది. తిండి లేకుండా నెలల తరబడి బతకగలదు కూడాను. అందుచేత కుక్క ఒంటి మీద ఎన్ని ఏరినా, పగుళ్ళు పూడ్చకపోతే, పట్టాలను వేడినీళ్ళలో ఉడికించి ఎండవెయ్యకపోతే అవి మళ్ళీ వస్తూనే వుంటాయి.

పత్తికి కొట్టగా మిగిలిన మందును కుక్కకు పూస్తారు కొందరు. కుక్క ఒళ్ళు నాక్కుంటుంది, మందు కడుపులోకి పోతుంది, పిడుదుల కంటే ముందు కుక్కే పోతుంది. కుక్కలకని చేసిన మందులు, మాత్రలు, మెడపట్టీలు వేరే వున్నాయి. బరువునూ వయసునూ బట్టి పశువైద్యుడు చెప్పినంతే వాడాలి. ఇంట్లో పిల్లి కూడా వుంటే ఆ సంగతి ఆయనకు ముందే చెప్పండి. కుక్కకు పడే పెర్మెత్రిన్ మందు పిల్లికి విషం.