ఖగోళ ఛాయాచిత్రణం

చంద్రుడు, గ్రహాలు, నక్షత్రాలు, నీహారికలు, గెలాక్సీలు మొదలైన ఖగోళ వస్తువులను ఛాయాచిత్రాలుగా నమోదు చేయడాన్ని ఖగోళ ఛాయాచిత్రణం లేదా ఆస్ట్రోఫోటోగ్రఫీ అంటారు. ఒకప్పుడు వేధశాలలకు, కొద్దిమంది సంపన్నులకు పరిమితమైన ఈ విద్య డిజిటల్ కెమెరాల రాకతో సామాన్య ఔత్సాహికులకు కూడా అందుబాటులోకి వచ్చింది. చిన్న టెలిస్కోపు, డిజిటల్ కెమెరా ఉన్నవారు ఇంటి డాబా మీద నుండి కూడా దీనిని అభ్యసించవచ్చును.

మూల సూత్రం

మన కన్ను సెకనులో స్వల్ప భాగం పాటు మాత్రమే కాంతిని కూడగట్టగలదు. అందువలన మసక వస్తువును ఎంతసేపు చూచినా అది మరింత ప్రకాశవంతంగా కనబడదు. కెమెరాలోని సెన్సారు అట్లు కాదు. షట్టరు తెరచి ఉన్నంతసేపు తనపై పడిన కాంతిని అది కూడబెట్టుతూనే ఉంటుంది. టెలిస్కోపులో కంటికి బూడిద రంగు మబ్బువలె కనబడే ఓరియన్ నీహారిక చిత్రంలో ఎరుపు, నీలి వర్ణాలతో కనబడటానికి కారణం ఇదే. ఆ ఎరుపు కల్పితం కాదు. హైడ్రోజన్ వాయువు 656.3 నానోమీటర్ల తరంగదైర్ఘ్యంతో వెలువరించే కాంతి అది. మసక వెలుతురులో రంగులను గుర్తించే శక్తి మన కంటికి తక్కువ.

చరిత్ర

1840లో అమెరికాలో జాన్ విలియం డ్రేపర్ డాగెరోటైపు పద్ధతిలో చంద్రుని చిత్రం తీశాడు. ఆయన కుమారుడు హెన్రీ డ్రేపర్ 1880 సెప్టెంబరు 30న ఓరియన్ నీహారికను తొలిసారిగా చిత్రించాడు. 1883లో ఇంగ్లండుకు చెందిన ఔత్సాహికుడు ఆండ్రూ ఐన్‌స్లీ కామన్ 36 అంగుళాల దర్పణం గల టెలిస్కోపుతో అదే నీహారికను చిత్రించగా, టెలిస్కోపులో కంటికి కనబడని నక్షత్రాలు కూడా అందులో నమోదయ్యాయి. 20వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో హైదరాబాదులోని నిజామియా వేధశాల 8 అంగుళాల ఆస్ట్రోగ్రాఫుతో గాజు ఫలకాలపై ఆకాశాన్ని చిత్రించి, అంతర్జాతీయ నక్షత్ర పట్టిక తయారీలో పాలుపంచుకొన్నది. 1969లో బెల్ ప్రయోగశాలలో విల్లర్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ సీసీడీని రూపొందించారు. ఇందుకు వారికి 2009లో నోబెల్ బహుమతి లభించింది.

భూభ్రమణం, మౌంటు

భూమి తన చుట్టూ తాను తిరగడం వలన నక్షత్రాలు గంటకు సుమారు 15 డిగ్రీలు జరుగుతున్నట్లు కనబడతాయి. కదలని ట్రైపాడ్ మీద కెమెరాను ఉంచి ఎక్కువసేపు చిత్రిస్తే నక్షత్రాలు చుక్కలుగా కాక గీతలుగా వస్తాయి. 500ను కటకపు నాభ్యంతరంతో, అనగా మిల్లీమీటర్లలో ఉన్న సంఖ్యతో, భాగిస్తే సుమారుగా ఎన్ని సెకన్లు చిత్రించవచ్చునో తెలుస్తుంది. 50 మి.మీ. కటకానికి ఇది 10 సెకన్లు. 1000 మి.మీ. టెలిస్కోపుకు అర సెకను మాత్రమే.

అందువలన ఆకాశంతో పాటు తిరిగే ఈక్వటోరియల్ మౌంటు అవసరమవుతుంది. దీని ఇరుసు భూమి అక్షానికి సమాంతరంగా ఉండవలెను. అనగా ఉత్తర దిక్కుకు తిరిగి, ఆ స్థలపు అక్షాంశమంత ఎత్తు కోణంలో ఉండవలెను. హైదరాబాదులో ఈ కోణం సుమారు 17.4 డిగ్రీలు. ధ్రువ నక్షత్రం కూడా అక్కడ దాదాపు అంతే ఎత్తులో ఉంటుంది గనుక, మేడలు, చెట్లు, దుమ్ము దానిని సులభంగా కప్పివేస్తాయి. ఉత్తరం వైపు అడ్డులేని స్థలాన్ని ఎంచుకొనవలెను.

చిత్రించే విధానం

చంద్రునితో ప్రారంభించడం మేలు. కెమెరా కటకాన్ని తీసివేసి, టెలిస్కోపునే కటకంగా అమర్చినపుడు సెన్సారుపై చంద్రబింబం పరిమాణం నాభ్యంతరంలో సుమారు 110వ వంతు ఉంటుంది. 1000 మి.మీ. టెలిస్కోపుకు ఇది 9 మి.మీ. చంద్రుడు ప్రకాశవంతుడు గనుక సెకనులో నూరవ వంతు వంటి స్వల్పకాలం చాలును.

గ్రహాలకు మరొక పద్ధతి అనుసరిస్తారు. గాలి చలనం వలన గ్రహబింబం వణుకుతూ ఉంటుంది. కొన్ని వేల ఫ్రేముల వీడియో తీసి, వాటిలో స్పష్టమైన వాటిని మాత్రమే ఏరి, ఒకదానిపై ఒకటి పేర్చుతారు.

నీహారికలు, గెలాక్సీల విషయంలో ఒకే దీర్ఘ చిత్రానికి బదులు అనేక చిత్రాలు తీసి కంప్యూటరులో కలుపుతారు. చిత్రాల సంఖ్య పెరిగిన కొద్దీ వస్తువు కాంతి ఆ సంఖ్యతో సమానంగా పెరుగుతుంది. చిత్రంలో ఇసుక చల్లినట్లు కనబడే నాయిస్ మాత్రం ఆ సంఖ్య వర్గమూలం మేరకే పెరుగుతుంది. కనుక 16 చిత్రాలు కలిపితే స్పష్టత 4 రెట్లవుతుంది. టెలిస్కోపుకు మూత వేసి, అంతే సమయం, అదే ఉష్ణోగ్రతలో తీసిన డార్క్ ఫ్రేములతో సెన్సారు దోషాలను తొలగిస్తారు.

ఆటంకాలు, జాగ్రత్తలు

నగరాల వీధిదీపాల కాంతి ఆకాశాన్ని తెల్లబరచి మసక వస్తువులను మరుగుపరుస్తుంది. నైరుతి ఋతుపవనాల కాలంలో మబ్బులు, శీతాకాలపు రాత్రులలో కటకంపై చేరే మంచు ఇతర ఆటంకాలు. సూర్యుని చిత్రించేటపుడు సౌర ఫిల్టరును టెలిస్కోపు ముందు భాగానికే బిగించవలెను. ఫిల్టరు లేకుండా చూస్తే కంటిచూపు శాశ్వతంగా పోవచ్చును.

శాస్త్రీయ ప్రయోజనం

2009 జూలైలో ఆస్ట్రేలియా ఔత్సాహికుడు ఆంథొనీ వెస్లీ గురుగ్రహంపై కొత్త నల్లని మచ్చను చిత్రించాడు. ఏదో వస్తువు గ్రహాన్ని ఢీకొనగా ఏర్పడిన మచ్చ అది. 2016 సెప్టెంబరు 20న అర్జెంటీనాలోని రొసారియో నగరంలో తాళాల పనివాడైన విక్టర్ బూసో, తన 40 సెం.మీ. టెలిస్కోపుకు అమర్చిన కొత్త కెమెరాను పరీక్షిస్తూ ఎన్‌జీసీ 613 గెలాక్సీని చిత్రించాడు. నగరపు వెలుగు వలన ఒక్కొక్క చిత్రానికి 20 సెకన్లే కేటాయించాడు. మొదటి చిత్రాలలో లేని చుక్క తరువాతి చిత్రాలలో కనబడి ప్రకాశవంతం కాసాగింది. ఒక నక్షత్రం సూపర్‌నోవాగా పేలుతున్న తొలి ఘడియలవి. ఈ పరిశీలన 2018లో నేచర్ పత్రికలో ప్రచురితమైంది.

కొత్త చుక్కలేని మొదటి చిత్రాలు లేకపోతే ఆ పేలుడు ఎప్పుడు మొదలైనదో తేలేది కాదు. కావున ప్రతి చిత్రానికి తేదీ, సమయం, స్థలం, చిత్రణ కాలం వ్రాసి ఉంచుకొనవలెను. మెరుగులు దిద్దిన చిత్రంతో పాటు మూల చిత్రాలను కూడా భద్రపరచవలెను. చిత్రంలో లేనిదానిని చేర్చరాదు. అందంగా లేని చిత్రమైనా, వివరాలు సరిగా ఉన్నపుడు శాస్త్రానికి సాక్ష్యం కాగలదు.