ఔత్సాహిక రేడియోకు ఎట్టి స్పీకరు కావలెను?

శ్రీకాకుళమునకు చేరువనున్న ఎచ్చెర్లకు బంగాళాఖాతము ఎంతో దూరము కాదు. 2014 అక్టోబరు 12న విశాఖపట్నము వద్ద తీరము దాటిన హుద్‌హుద్ తుపానును, 2018 అక్టోబరు 11న పలాస ప్రాంతమున తీరము దాటిన తిత్లీ తుపానును అచ్చటివారు మరచిపోలేదు. కరెంటు స్తంభములు కూలి, సెల్‌ఫోను టవర్లు మూగపోయిన వేళ దూరపువారితో మాటాడుటకు మిగులు సాధనములలో ఔత్సాహిక రేడియో ఒకటి. దీనినే హామ్ రేడియో అందురు. 2004 డిసెంబరు 26న సునామీ అండమాను దీవులను ముంచెత్తినపుడు, హైదరాబాదులోని జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ తరఫున పోర్టుబ్లెయిరులో నుండిన భారతీ ప్రసాద్ బృందము ఈ రేడియోతోనే దీవుల క్షేమసమాచారమును బయటి ప్రపంచమునకు చేరవేసినది.

అట్టి వార్త చెవికి స్పష్టముగా చేరదు. పిడుగుల చిటపటలు, ఇతర కేంద్రముల ఈలలు దానితో కలిసి వచ్చును. అందుచేత యాంటెన్నా విషయమున అందరును శ్రద్ధ వహింతురు. కాని వార్త దాటవలసిన చివరి మెట్టగు స్పీకరును పట్టించుకొనువారు తక్కువ. యంత్రములోనే యుండు స్పీకరు చాల చిన్నది. పెక్కు యంత్రములలో అది పైకప్పు వైపునకో, బల్ల వైపునకో తిరిగియుండును. వినువాని చెవి మాత్రము ఎదుట నుండును! కనుక వేరుగా ఒక స్పీకరును అమర్చుకొనుట మేలు.

ఇచ్చట పలువురు పొరబడుదురు. పాటలకు వాడు పెద్ద స్పీకరే దీనికిని మంచిదని తలంతురు. సంగీతమునకు 50 మొదలు 15,000 హెర్ట్‌జ్ వరకు గల ధ్వనులన్నియు కావలెను. ఔత్సాహిక రేడియోలో మాట సుమారు 300 మొదలు 2,700 హెర్ట్‌జ్ వరకు మాత్రమే ప్రయాణించును. అంతకు దిగువ వినబడునది కరెంటు హోరు. అంతకు పైన వినబడునది యంత్రపు బుసబుస. గొప్ప స్పీకరు ఈ రెంటిని కూడ గొప్పగానే వినిపించును.

ఈ పరిధిలోనైనను అన్ని భాగముల విలువ ఒకటి కాదు. "నీరు", "నూరు" అను మాటలను చూడుడు. రెంటికిని భేదము ఒక్క అచ్చు మాత్రమే. ఈకారమును, ఊకారమును పలుకునపుడు నోటిలో పుట్టు మొదటి అనునాదము రెంటిలోను దాదాపు 300 హెర్ట్‌జ్ వద్దనే యుండును. వానిని వేరుచేయునది రెండవ అనునాదము: ఈకారమునకు అది 2,000 దాటును, ఊకారమునకు 1,000 లోపల నుండును. ఎగువ ధ్వనులను మింగివేయు స్పీకరులో ఈ గుర్తు చెరగిపోవును. తుపాను సహాయ కేంద్రమునకు "నీరు పొట్లములు పంపుడు" అని వచ్చిన వార్త "నూరు పొట్లములు పంపుడు" అని వినబడినచో ఏమగునో ఊహింపవచ్చును. సకార శకారముల బుస మరింత పైన నుండును గనుక అవి రేడియోలో ముందే సగము నశించియుండును. మిగిలినదానిని స్పీకరు పాడుచేయరాదు. ఉపాధ్యాయులు దీనిని తరగతిలో పరీక్షింపవచ్చును. ఇట్టి జంటపదములను రికార్డుచేసి, రెండు స్పీకర్లలో సన్నగా వినిపించి, విద్యార్థులచే వ్రాయించిన చాలును. తప్పుల లెక్కయే తీర్పు చెప్పును.

పది సెంటీమీటర్ల వ్యాసముగల సామాన్యపు స్పీకరు మాటకు చాలును. దానిని పెట్టెలో బిగించుట ముఖ్యము. కాగితపు గరాటు ముందునకు కదలినపుడు ఎదుట గాలి నొక్కబడును, వెనుక పలుచనగును. 300 హెర్ట్‌జ్ ధ్వని తరంగము పొడవు ఒక మీటరుకు పైగా నుండుటచే, వెనుకటి అల అంచు చుట్టి వచ్చి ముందటి అలను చెరుపును. మూసిన పెట్టె దీనిని ఆపును. పలుచని రేకు డబ్బాయైనచో అదియే మ్రోగును. మందమగు చెక్కపెట్టెలో కొంత దూది కూరుట మంచిది.

తరువాత ఓముల సంగతి. యంత్రము 8 ఓములు కోరగా 4 ఓముల కారు స్పీకరును తగిలించినచో, అదే 4 వోల్టులకు అర ఆంపియరునకు బదులు ఒక ఆంపియరు ప్రవహించును, వర్ధకము వేడెక్కును. (స్పీకరుపై వ్రాసిన 8 ఓములు మీటరుతో కొలిచిన 6 లేక 7 మాత్రమే చూపును. అది దోషము కాదు; ఆ అంకె ఏకాంతర విద్యుత్తునకు చెందినది.) ఒక వాటునకు ఒక మీటరు దూరమున ఎన్ని డెసిబెల్‌లు వినిపించునో కూడ చూడవలెను. 84 పలుకు స్పీకరునకు 90 పలుకుదానికంటె నాలుగింతలు శక్తి కావలెను. కరెంటు లేక బాటరీపై నడుపు రాత్రులందు ఇది చిన్న విషయము కాదు.

చెవిఫోను ఇంకను స్పష్టమే గాని, అది ఒక్కనికే వినబడును. వార్త వ్రాసుకొనువాడు, పటము చూచువాడు ప్రక్కనుండగా స్పీకరే కావలెను. దానిని చెవి ఎత్తున, బారెడు దూరమున, ఫాను గాలికి ఎడముగా నుంచవలెను. తీగ పొడవైనచో అదియే యాంటెన్నాయై, మనము ప్రసారము చేయునపుడు గరగరలాడును. ఫెరైటు ఉంగరములో నాలుగైదు చుట్లు త్రిప్పిన తగ్గును. కొన్ని యంత్రములలో స్పీకరు తీగలు రెంటిలో ఏదియు భూమికి కలిపియుండదు. అట్టివానిలో ఒకదానిని యంత్రపు పెట్టెకు తాకించినచో వర్ధకము కాలిపోవును. సముద్రపు గాలి సోకు ఊళ్లలో కాగితపు గరాటు చెమ్మకు మెత్తబడును, కొనలకు చిలుము పట్టును. అచ్చట ప్లాస్టిక్ గరాటుగలదానిని కొని, కొనలను టంకముతో అతికి, వానకాలమునకు ముందొకసారి తుడిచి చూచుకొనవలెను.